పక్కనుంచి కోసిన ముక్క

నాకు గొప్పలు చెప్పుకోవడం ఇష్టం. మా అమ్మకు ఇది బొత్తిగా నచ్చదు. మన గురించి మనమే చెప్పుకుంటే దిష్టి తగులుతుందంటుంది. తగిలితే తగలనీ. తిరుత్తణి నుంచి తిరువళ్ళూరికి రోజూ లోకల్ రైల్లో నిలబడి పోయి, నిలబడి వచ్చే మనిషికి కొత్తగా తగిలే దిష్టి ఏముంటుంది? ఈ ఒక్క సంగతి మాత్రం చెప్పుకోకపోతే నాకు తిన్నది అరగదు.

నేను లోహాల చదువు చదివాను. తిరువళ్ళూరు పక్క ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ఒక హీట్ ట్రీట్‌మెంట్ కంపెనీ ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. లోహపు సామాన్లను కొలిచిన వేడిలో కాల్చి, చల్లార్చి, గట్టిపరిచి పంపడం మా కంపెనీ పని. అదే కంపెనీలో మా మామ, అంటే మా అమ్మ తమ్ముడు, ఫర్నేస్ ఆపరేటర్. నేను బడికి పోకముందు నుంచీ ఆయన ఆ ఫర్నేస్ ముందరే ఉన్నాడు. నాకు ఉద్యోగం ఆయనే ఇప్పించాడని ఎస్టేట్‌లో సగం మంది నమ్మకం. నా ఇంటర్వ్యూ రోజున ఎవరూ వేలెత్తి చూపకూడదని ఆయన సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాడు. ఈ సంగతి చెప్తే ఎవరూ నమ్మరు. నమ్మకపోతే వాళ్ళ ఖర్మ.

మేం చేసే పనుల్లో టైటానియం కొంచెం గడుసుది. చల్లగా ఉన్నప్పుడు దాని లోపలి అణువుల వరస ఒక రకం. ఒక హద్దు దాటి వేడి చేస్తే ఆ వరస మొత్తం మారిపోయి, లోపల పెద్ద పెద్ద గింజలు ఏర్పడతాయి. మేం గ్రెయిన్లంటాం, మీరు గింజలనుకోండి. తిరిగి చల్లారేటప్పుడు ఆ పెద్ద గింజ ఒక్కొక్కటీ సన్నటి పలకలు పలకలుగా చీలిపోతుంది. మన చేతికి వచ్చేది ఆ పలకలే. వేడిలో ఉన్న గింజను కంటితో చూసినవాళ్ళు మా దగ్గర ఎవరూ లేరు. మైక్రోస్కోప్ కింద పెడితే పలకలన్నీ కలగాపులగంగా కనిపిస్తాయి. ఎక్కడ ఏ గింజ ముగిసి ఏది మొదలైందో తెలియదు.

గింజ పోయినా గుర్తు పోదు. తల్లి గింజ ఏ దిక్కుకు తిరిగి ఉందో దాన్ని బట్టి పిల్ల పలకలు కొన్ని దిక్కులకే తిరగాలి. ఒక తల్లికి పన్నెండు రకాలకు మించి పిల్లలు పుట్టరు. ఇటునుంచి చూస్తే, ఒక్క పిల్లను మాత్రమే పట్టుకుని అడిగితే ఆరుగురు తల్లుల్లో ఎవరైనా కావచ్చు. పక్కనున్న పిల్లను అడగాలి. ఆ పక్కదాన్నీ అడగాలి. అందరికీ పొసగే తల్లి ఒక్కతే మిగులుతుంది.

మా అవ్వ పెళ్ళిళ్ళలో చేసిన పని ఇదే. ఎప్పుడో రాయలకాలంలో వచ్చి ఈ అరవదేశంలో సేద్యానికి కుదురుకున్న కుటుంబాలు మావి. ఎవరు ఎవరికి ఏమవుతారో చెప్పడం మాటలు కాదు. అవ్వ కొత్త మనిషిని పట్టుకుని, "మీ ఇంటిపేరేంది? మీ మేనత్తను యాడికిచ్చినారు?" అని మొదలుపెట్టేది. ఒక్కరి జవాబుతో ఆగేది కాదు. పంక్తిలో పక్కన కూర్చున్న వాళ్ళను కూడా అడిగి, ఇద్దరు ముగ్గురి మాటలు కలిసిన తర్వాతే, "అయితే మీరు పొదటూరుపేట వాళ్ళు" అని తేల్చేది. కాలేజీలో మా మాస్టారు లెక్కలు వేసి చెప్పిన పాఠం నాకు వెంటనే తలకెక్కడానికి కారణం అవ్వే. ఇట్లా గింజల్ని తిరిగి కట్టే పనికి డబ్బిచ్చి కొనుక్కునే కంప్యూటర్ ప్రోగ్రాములున్నాయి, ఊరికే దొరికేవీ ఉన్నాయి. నేను మాత్రం నాది నేనే రాసుకున్నాను. కాకిపిల్ల కాకికి ముద్దంటారు. నిజంగానే అది ముద్దుగా పనిచేస్తుంది.

ఇక గొడవ సంగతి. కంప్రెసర్‌లో తిరిగే టైటానియం చక్రాలు మా దగ్గరికి వచ్చేవి. చిన్న టిఫిన్ ప్లేటంత ఉంటాయి. వేరే ఒక ఫోర్జింగ్ షాపువాళ్ళు కడ్డీ ముక్కను వేడి చేసి ప్రెస్ కింద నొక్కి చక్రం చేస్తారు. తర్వాత అది మా మామ ఫర్నేస్‌కు వస్తుంది. రెండు చోట్లా వేడి ఆ హద్దుకు లోపలే ఉండాలి. కొనుక్కున్న కంపెనీ ఒక చక్రాన్ని పరీక్ష చేస్తే అది పెళుసుగా విరిగింది. లోపల చూస్తే అంతా సన్న పలకలే. ఎక్కడో ఎవరో హద్దు దాటించారు. ఫోర్జింగ్ షాపువాళ్ళు ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా మా మామ వైపు చూపించారు.

ఫర్నేస్ చార్టులో వేడి సరిగ్గానే ఉంది. కానీ వేడిని కొలిచే థర్మోకపులే తప్పు చూపించి ఉండొచ్చు కదా అన్నారు. దానికి మా దగ్గర జవాబు లేదు. తేలేదాకా ఫర్నేస్ దగ్గరికి పోవద్దని చెప్పి మామను స్టోర్లో కూర్చోబెట్టారు. తప్పు ఆయనదేనని రుజువైతే ఇంటికి పంపించేస్తారని అందరికీ తెలుసు. రిటైర్మెంట్‌కు దగ్గరలో ఉన్న మనిషి. ప్రతి శుక్రవారం ఫర్నేస్ తలుపుకు కర్పూరం చూపించి పని మొదలుపెట్టే మనిషి, బోల్టుల పెట్టెల మధ్య ప్లాస్టిక్ కుర్చీలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

నేరుగా మేనేజర్ గదికి పోయాను. గింజల్ని తిరిగి కడితే సంగతి తేలుతుందని చెప్పాను. ప్రెస్ కింద పడకముందే హద్దు దాటి ఉంటే ఆ గింజలు ప్రెస్ బరువుకు నలిగి ఉంటాయి. ప్రెస్ తర్వాత మా ఫర్నేస్‌లో దాటి ఉంటే పాత గింజలు చెరిగిపోయి, నలగని కొత్త గింజలు గుండ్రంగా ఉంటాయి. మేనేజర్ అంతా విని, "సొందక్కారంగ కేసు. నీంగ తొడ వేండామ్" అన్నాడు. బంధువుల వ్యవహారం, మీరు ముట్టుకోవద్దని అరవంలో. ఆయన చెడ్డవాడు కాదు. నిప్పును చూస్తే దూరం జరిగే రకం.

"ఈ పని మన ఎస్టేట్‌లో ఇంకెవరికి వచ్చో చెప్పండి సార్, ముక్క వాళ్ళకే ఇద్దాం" అన్నాను.

ఎవరికీ రాదని ఆయనకూ తెలుసు. ఏది వచ్చినా ముందు తనకే చెప్పాలని షరతు పెట్టి ఒప్పుకున్నాడు.

కొన్న కంపెనీ వెనక్కి పంపిన ఆ విరిగిన చక్రంలో ఒక ముక్క కోసి, అచ్చులో పెట్టి, అద్దంలా అయ్యేదాకా పాలిష్ పట్టాను. టైటానియాన్ని పాలిష్ పట్టడమంటే మొండి మొగుణ్ణి దారికి తెచ్చుకోవడమే, తొందరపడితే గీతలు పడతాయి. పలకల దిక్కులు కొలిచే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ మాకు లేదు. మద్రాసులో ఒక కాలేజీలో గంటల లెక్కన అద్దెకు తీసుకుంటాం. అక్కడ కొలిపించుకుని వచ్చి, నా ప్రోగ్రాముకిచ్చి కూర్చున్నాను. ఒక్కో దిక్కుకు ఒక్కో రంగు. ముందు ఆవాలు, మిరియాలు చల్లినట్టు ఉన్న బొమ్మ మెల్లగా కలుసుకుంటూ పోయి పెద్ద పెద్ద రంగుల గింజలుగా తేలింది.

గింజలు గుండ్రంగా ఉన్నాయి.

మూడు చోట్ల చూశాను. మూడు చోట్లా గుండ్రంగానే ఉన్నాయి. నా ప్రోగ్రాము నా సొంత మామను వేలెత్తి చూపిస్తోంది. లేచి పోయి మేనేజర్‌కు చెప్పేశాను. ఆయన "అయ్యో" అని ఒక్క మాట అన్నాడు.

ఆ సాయంత్రం రైల్లో మామకు చెప్పాను. మా ఇద్దరిదీ ఒకటే రైలు. ఆ రోజు అదృష్టం కొద్దీ ఇద్దరికీ ఎదురెదురుగా సీట్లు దొరికాయి. అదృష్టమో, దరిద్రమో.

"మామా, బొమ్మ వచ్చింది" అన్నాను.

"ఏముండాది దాంట్లో?"

"గుండ్రంగా ఉండాయి. మన ఫర్నేసే అన్నట్టుగా ఉండాది. మేనేజర్‌కు చెప్పేసినాను."

"నేను హద్దు దాటించలేదు పాపా" అన్నాడు ఆయన.

నాకు తెలుసు మామా అనాలని నోటిదాకా వచ్చింది. అనలేకపోయాను. నాకు తెలియదు కదా. నాకు తెలిసిందల్లా ఆ బొమ్మే. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. అరక్కోణం దాటాక ఆయనే మాట్లాడాడు.

"నీకు కనిపించింది నువ్వు చెప్పినావు. రేపు ఏడుపు మొహం పెట్టుకోని ఆపీసుకు పోవద్దు. తలెత్తుకోని పో."

ఇంటికి వచ్చేసరికి అమ్మకు సంగతి తెలిసిపోయింది. మామ తనే ఫోన్ చేసి చెప్పాడు. అమ్మ వంటింట్లో నా ఎదురుగా నిలబడింది.

"నిన్ను బుజాన ఎత్తుకోని కొండ మెట్లన్నీ ఎక్కినాడు వాడు. వాడి కోసరం ఒక బొమ్మను కొంచిం మార్చేదానికి కాదా నీకు? నువ్వు రాసుకున్నదే కదా అది."

"మార్చలేనమ్మా."

"అంత చదువుండీ కాదా?"

"చదువుండబట్టే కాదు" అని అరిచాను. అరిచినందుకు నాకే ఏడుపొచ్చింది. అమ్మ కంచం పెట్టింది కానీ, ఆ పూట నాతో మాట్లాడలేదు. ఆమె మీద నాకు కోపం లేదు. తమ్ముడి కూడు పోతుంటే ఏ అక్కైనా అట్లాగే అడుగుతుంది.

మర్నాడు మేనేజర్ ఇంకా ఎవరికీ ఏమీ రాసి పంపలేదు. ఫోర్జింగ్ షాపువాళ్ళను, కొన్న కంపెనీవాళ్ళను కూర్చోబెట్టి ఒకేసారి చెప్దామనుకున్నాడు. నేను మళ్ళీ ఆ బొమ్మ ముందరే కూర్చున్నాను. నాకు ఒక్కటి మింగుడు పడటం లేదు. ఒక గింజ లోపల రంగు అంతా ఒకటిగా లేదు. ఈ చివర ఇటుక రంగుంటే, పోనుపోను ఆ చివరికి నారింజ రంగుకు తిరిగింది. చాలా చిన్న తేడా. ఇంకొకరైతే మైక్రోస్కోప్ తప్పని వదిలేస్తారు. మైక్రోస్కోప్ తప్పైతే రంగు అక్కడక్కడా చెదిరినట్టుండాలి. ఇది చెదరలేదు, మెల్లగా ఒకే వైపుకు వంగింది. అన్ని గింజల్లోనూ అంతే.

నెమ్మదిగా వేడిలో పెరిగిన గింజ లోపల దిక్కు ఒకటే ఉంటుంది. దాన్ని వంచేవాళ్ళెవరూ లేరు కదా. వంగిందంటే దాని మీద ఎవరో బరువు పెట్టారన్నమాట. మా మామ ఫర్నేస్‌లో నొక్కేది ఏమీ లేదు, ఉండేది వేడి ఒక్కటే. మరి నలిగిన గింజ గుండ్రంగా ఎట్లా ఉంటుంది?

అప్పుడు మేము ముక్కను ఎటునుంచి కోశామో గుర్తొచ్చింది. మా ల్యాబ్‌లో చక్రాన్ని ఎప్పుడూ ముఖం వైపు నుంచే బిళ్ళలాగా కోస్తాం. అచ్చులో చదునుగా కూర్చుంటుంది, పాలిష్ సులువు. గట్టిదనం చూడటానికి అది చాలు. నేను చేరకముందు నుంచీ ఉన్న అలవాటు. ఎవరూ ఎందుకని అడగలేదు. ప్రెస్ దిగేది సరిగ్గా ఆ ముఖం మీదే. దాని కింద నలిగిన గింజ దోసెలాగా పల్చబడుతుంది. దోసెను పైనుంచి చూస్తే గుండ్రంగా కాక ఇంకెట్లా ఉంటుంది? పల్చనో మందమో తెలియాలంటే పక్కనుంచి చూడాలి.

మేనేజర్ దగ్గరికి పరిగెత్తాను. విరిగిన చక్రంలో మిగిలింది సగమే. దాన్ని పక్కనుంచి కోస్తే మళ్ళీ అతికేది లేదు. ఆయన తల పట్టుకున్నాడు.

"పక్కనుంచి కూడా గుండ్రంగానే ఉంటే?" అన్నాడు.

"అదీ వచ్చి మీకే చెప్తాను" అన్నాను.

ఆయన నా మొహం చూసి, కొయ్యమన్నాడు.

నా చేతులతో నేనే కోశాను. నీళ్ళు పోసుకుంటూ, చక్రం వేడెక్కకుండా, నిదానంగా. మళ్ళీ పాలిష్, మళ్ళీ మద్రాసు. ఈసారి ప్రోగ్రాము నడుస్తున్నంతసేపూ తెరను చూడలేక కాఫీకి పోయి, కాఫీ తాగకుండానే తిరిగి వచ్చాను.

గింజలన్నీ పడుకుని ఉన్నాయి. పొడుగ్గా, సన్నగా, ఒకదాని మీద ఒకటి, అన్నీ ప్రెస్ నొక్కిన వైపుకు అడ్డంగా. వాటిలోపల పలకలు మాత్రం వంకర లేకుండా ఉన్నాయి. అంటే గింజ నలిగిన తర్వాతే చల్లారి పలకలైంది. ప్రెస్‌కు ముందే హద్దు దాటారు. తర్వాత మా ఫర్నేస్ కూడా హద్దు దాటించి ఉంటే ఈ పడుకున్న గింజలు ఒక్కటీ మిగిలేవి కావు. ఇప్పుడు లోకంలో లేని గింజలవి. చల్లారిన రోజే అవి పోయాయి. వాటిని ఒక్కొక్కటిగా వెతికి తెచ్చి నిలబెట్టింది నేను. తెర ముందర నిలబడి చప్పట్లు కొట్టుకున్నాను. ల్యాబ్‌లో వాళ్ళు నాకు పిచ్చి పట్టిందనుకున్నారు. అనుకోనీ.

అందరూ కూర్చున్న రోజున రెండు బొమ్మలూ పెట్టాను. కొన్న కంపెనీ ఇంజినీరు చాలాసేపు చూశాడు. ఫోర్జింగ్ షాపాయన బొమ్మ వైపు చూడనే లేదు, నా వైపు చూశాడు. తెలుగువాడే.

"ఫర్నేస్ ఆపరేటర్ మీకు మామ అవుతాడు కదా మేడమ్?"

"అవును. మా అమ్మకు సొంత తమ్ముడు. ముక్క ఇంకా మిగిలుంది. తీసుకుపోయి మీకిష్టమైన చోట చూపించుకోండి. పక్కనుంచి కొయ్యమని చెప్పండి, అంతే."

ఆయన తీసుకుపోయాడు. వేరే ల్యాబ్ నుంచి వచ్చిన బొమ్మలో రంగులు వేరు, గింజలు నావే. ఆ తర్వాత ఫోర్జింగ్ షాపులో వాళ్ళ పొయ్యిని వాళ్ళే విప్పి చూసుకున్నారు. మా మామ స్టోర్లోంచి లేచి, చొక్కా దులుపుకుని, ఫర్నేస్ దగ్గరికి పోయాడు. పోతూ పోతూ నా ల్యాబ్ తలుపు దగ్గర ఒక్క క్షణం నిలబడి, తల ఊపి పోయాడు. ఇప్పుడు మా ల్యాబ్‌లో ప్రతి ముక్కనూ రెండు వైపుల నుంచీ కోస్తారు. ఆ రూలు నాది.

కొన్నాళ్ళకు తిరుత్తణిలో మా చుట్టాల బిడ్డకు కొండ మీద గుండు కొట్టించారు. కింద సత్రంలో భోజనాలు. మా అమ్మ ఊరుకుంటుందా, దిష్టి సంగతి మర్చిపోయి పంక్తి పంక్తికీ నా కథే చెప్పింది. పళ్ళిపట్టు నుంచి వచ్చిన ఒక బావ నన్ను ఆటపట్టించాడు.

"బలేదానివే. కంప్యూటర్ పెట్టి మేనమామను కాపాడేసినావంట. మాకూ ఏదన్నా వస్తే చూసుకోమ్మే, మేమూ సొంతమే కదా."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మామ నవ్వలేదు. చేతిలో మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు.

"కాపాడిందని ఎవురు చెప్పినారురా నీకు? నా మీద తప్పు కనిపించిన పొద్దు, ఇది నేరుగా పోయి మేనేజర్‌తో చెప్పేసింది. ఆ తర్వాతనే నాతో చెప్పింది. మా అక్క మార్చమని అడిగినా మార్చలేదు."

అమ్మ తల వంచుకుంది. బావ ఏదో సర్దిచెప్పబోయాడు. మామ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆ పొద్దు రైల్లో నాకు పని పోతాదని బయం. అయినా లోపల ఒకటే సంతోషం. నా మీద అయినా సరే ఉన్నది ఉన్నట్టు చెప్పే బిడ్డ మా ఇంట్లో పుట్టింది కదా అని. మీ ఇండ్లల్లో ఉండాదా, చెప్పండి."

నేను లేచి ఆయన గ్లాసులో మళ్ళీ మజ్జిగ పోశాను. ఆ సాయంత్రం రైల్లో అరక్కోణం దాకా ఆయన నా ఎదురుగానే కూర్చున్నాడు, ఆ సంతోషంతోనే కూర్చున్నాడు, నేను మాత్రం ఆయన మొహం చూడలేక కిటికీలోంచి బయటికి చూస్తూ వచ్చాను.